కాఫ్కా పేరిట ఒక చిట్టా

1924వ సంవత్సరం జూన్ 3వ తేదీన, వియన్నా నగరానికి సమీపంలోని ఒక క్షయరోగ చికిత్సాలయంలో, ఫ్రాంజ్ కాఫ్కా అనే జర్మన్ భాషా రచయిత 40 యేండ్ల వయస్సున కన్నుమూసినాడు. ప్రేగ్ నగరంలోని కార్మిక ప్రమాద భీమా సంస్థలో పగలు కాగితాలు వ్రాసి, రాత్రులు కథలు వ్రాసుకొన్నవాడాయన. తన వ్రాతప్రతులను చదవకుండానే తగులబెట్టవలసినదని మిత్రుడు మాక్స్ బ్రాడ్ పేర చీటీ వ్రాసిపెట్టి పోయినాడు. బ్రాడ్ ఆ కోరికను చెల్లించలేదు. ఆ ధిక్కారం వల్లనే, ఆంగ్లంలో 'ది ట్రయల్', 'ది కాసిల్' అన్న పేర్లతో ప్రసిద్ధికెక్కిన నవలలు 1925లోను, 1926లోను వెలుగు చూచినవి.

అట్టి రచయిత పేరును కాలిఫోర్నియాలోని లింక్డిన్ సంస్థకు చెందిన యింజనీర్లు తమ కంప్యూటర్ వ్యవస్థ ఒకదానికి పెట్టుకొన్నారు. 2011లో వారు దానిని లోకానికి ఉచితంగా విడుదల చేసినారు. జే క్రెప్స్, నేహా నార్‌ఖేడే, జున్ రావ్ అనే ముగ్గురు దాని నిర్మాతలు. నేహా పుణె నగరంలో పెరిగిన వనిత. జున్ రావ్ పేరు చివర రావ్ కనబడినంత మాత్రాన మనవాడని సంబరపడరాదు. అది చైనా యింటిపేరు. వ్రాతకు అనువుగా మలచిన వ్యవస్థకు రచయిత పేరు పెట్టుట ఉచితమని తోచినదనీ, కళాశాలలో సాహిత్య పాఠాలు చదివిన తనకు కాఫ్కా రచనలంటే మక్కువ అనీ క్రెప్స్ తర్వాత చెప్పినాడు. వ్రాసినదంతా కాల్చివేయుమన్నవాని పేరు, వ్రాసినదానిని ఒకరు చదివిన పిమ్మట కూడ చెరపని యంత్రానికి దక్కినది! ఇందులోని వైచిత్రిని నిర్మాతలు ఉద్దేశించినారో లేదో గాని, ఆ వ్యవస్థను ఒక సర్వరుపై నెలకొల్పబూనిన వారికి మాత్రం అది అడుగడుగునా ఎదురవుతూనే ఉంటుంది. ఏది గుర్తుంచుకొనవలెను, ఎన్నాళ్ళు గుర్తుంచుకొనవలెను, దానిని ఎవరు చదువవచ్చును అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకొనకుండా ఆ పని సాగదు.

సర్వరు అనగా రేయింబవళ్ళు మేల్కొని ఉండి, తక్కిన కంప్యూటర్లు అడిగిన పనులు చేసిపెట్టే కంప్యూటరు. లింక్డిన్ వంటి సంస్థలో అట్టివి వేలకొలదిగా ఉంటవి. ఒక సభ్యుడు మరొకరి వివరాలు చూచినాడు, ఒకరు ఉద్యోగం కొరకు వెదకినారు, ఒకరు తన హోదా మార్చుకొన్నారు. ఇట్టి సంఘటన జరిగిన ప్రతిసారీ ఆ వార్త అనేక చోట్లకు చేరవలెను: వెదకులాట విభాగానికి, సూచనలు చేసే విభాగానికి, లెక్కలు తీసే విభాగానికి, యంత్రాల ఆరోగ్యం కనిపెట్టే విభాగానికి. ఎవరికి వారు ఒక్కొక్క గొట్టం వేసుకొన్నచో ఏమగునో చిన్న లెక్క చెబుతుంది. వార్తలు పుట్టే తావులు 6, వాటిని కోరే తావులు 7 అనుకొందము. నేరుగా కలిపితే 42 గొట్టాలు. మధ్యలో ఒక కూడలి ఉంటే 13 చాలును. ఒక్క తావు పెరిగినప్పుడు నేరుగా కలిపే పద్ధతిలో ఆరో, ఏడో క్రొత్త గొట్టాలు వేయవలసి వస్తుంది. కూడలి పద్ధతిలో ఒక్కటే.

అయితే కూడలి అన్న ఊహ క్రొత్తది కాదు. వార్తలను అందుకొని అందజేసే వ్యవస్థలు అంతకు ముందే ఉండేవి. అవి చాలవరకు తపాలా కచేరీ వంటివి. ఉత్తరం వచ్చును, బంట్రోతు అందజేయును, అందినట్లు తెలియగానే కచేరీలో దాని జాడ ఉండదు. ఒకే ఉత్తరాన్ని పదిమంది పది వేళల్లో చదువగోరితే, నిన్న చదివినవాడు ఇవాళ మరల చూడగోరితే, ఆ పద్ధతి యిరకాటంలో పడుతుంది. కాఫ్కా నిర్మాతలు తపాలా కచేరీని విడిచి, దుకాణాలలోని ప్రాత పుస్తకం ఒకదానిని ఆశ్రయించినారు. తెలుగువారికి ఆ పుస్తకం పేరు చిట్టా.

చిట్టా ఆవర్జాలను నేటి విద్యార్థులు ఎరుగకపోవచ్చును గాని, వారి తాతలు ఎరుగుదురు. దుకాణంలో ఉదయం నుంచి జరిగిన ప్రతి బేరమూ జరిగిన వరుసలోనే చిట్టాలో పడేది. రామయ్యకు నూనె అప్పు, సోమయ్య జమ, మరల రామయ్య జమ, యిట్లు కాలక్రమమే దానికి ప్రాణం. సాయంకాలం తీరికగా ఆ పద్దులను మనిషి మనిషికీ విడదీసి ఆవర్జాలో ఎక్కించేవారు. రామయ్య బాకీ ఎంత అని అడిగితే ఆవర్జా చూచి తడుముకొనకుండా చెప్పవచ్చును. కాని ఆవర్జా చిరిగిపోతే చిట్టానుంచి మరల వ్రాసుకొనవచ్చును. చిట్టాయే పోతే? బాకీ 50 రూపాయలని ఆవర్జా చెబుతుంది గాని, ఆ 50 ఏ రోజున, ఏ వరుసలో పుట్టినదో చెప్పలేదు. చిట్టాలో తప్పు పద్దు పడితే దానిని గీకివేయుట మర్యాద కాదు. దిద్దుబాటు పద్దు క్రింద వ్రాయవలెను. గీకిన చిట్టాను తగవు తీర్చే పెద్దలెవ్వరూ నమ్మరు.

సరిగా యిదే కాఫ్కా వ్యవస్థ. కంప్యూటర్ శాస్త్రంలో దీనిని లాగ్ అంటారు. వచ్చిన సందేశం చిట్టా చివర చేరుతుంది, దానికొక వరుససంఖ్య పడుతుంది, ఆపైన ఆ పంక్తి మారదు. చదివేవారు తాము ఎంతవరకు చదివినారో ఆ సంఖ్యను గుర్తుపెట్టుకొంటారు. ఒకడు క్షణక్షణమూ చదువుతాడు, ఒకడు రాత్రికి ఒకసారి చదువుతాడు. ఒకని ఆలస్యం మరొకనికి అడ్డు కాదు. కావలెనంటే గుర్తును వెనుకకు జరిపి మొదటినుంచీ చదువుకొనవచ్చును. ఆవర్జాలు, అనగా నేటి డేటాబేసులు, ఎవరికి కావలసినవి వారు ఈ చిట్టానుంచి తయారు చేసుకొంటారు. పుట చివరనే వ్రాయుట వల్ల మరొక లాభం ఉన్నది: డిస్కుపై ఇక్కడొక అక్షరం అక్కడొక అక్షరం వెదకి వ్రాయుటకంటె, వరుసగా వ్రాసుకొనిపోవుట అనేక రెట్లు వేగం. ప్రాత దుకాణదారుని అలవాటు యంత్రానికి కూడ అచ్చివచ్చినది.

ఇక నెలకొల్పుట. లినక్సు ఆపరేటింగ్ సిస్టం గల సర్వరు ఒకటి, దానిపై జావా 17వ సంచిక లేదా దానికి తర్వాతిది, అపాచీ ఫౌండేషన్ వారు ఉచితంగా యిచ్చే కాఫ్కా మూట. ముడిసరుకు యింతే. పూర్వం దీనికి తోడుగా జూకీపర్ అనే మరొక వ్యవస్థను ముందుగా నిలబెట్టవలసి ఉండేది. ఏ సర్వరు బ్రతికి ఉన్నది, ఎవరు నాయకుడు అన్న సంగతులు అది చూచుకొనేది. 2025 మార్చిలో వెలువడిన 4.0 సంచికతో దానికి సంపూర్ణంగా స్వస్తి చెప్పినారు. ఇప్పుడా పెత్తనాన్ని కాఫ్కాయే, రాఫ్ట్ అనే ఓటింగు పద్ధతి ననుసరించి, తనలో తానే నిర్వహించుకొంటుంది. వెనుకటి సంవత్సరాలలో వచ్చిన పుస్తకాలు చేతబట్టుకొని కూర్చున్న విద్యార్థులు క్రొత్త మూటలో జూకీపర్ కొరకు వెదకి వేసారుట యీ కారణం చేతనే.

మూట విప్పిన తర్వాత చేయవలసిన ఆజ్ఞలు మూడే. మొదటిది ఒక గుర్తింపు సంఖ్యను పుట్టిస్తుంది. చూచుటకు అది అర్థం లేని 22 అక్షరాల వరుస. రెండవది చిట్టా దాచే స్థలాన్ని ఆ సంఖ్యతో ముద్ర వేసి సిద్ధం చేస్తుంది. ముద్ర పడని స్థలంలో కాఫ్కా పని మొదలుపెట్టదు. ఇది వట్టి లాంఛనం కాదు. ఒక సమూహానికి చెందిన చిట్టా పొరపాటున మరొక సమూహంలో కలిసిపోకుండ కాచేది ఆ ముద్రయే. మూడవ ఆజ్ఞ సర్వరును నడిపిస్తుంది. తెరపై పంక్తులు పరుగెత్తుతవి, చివరకు ప్రారంభమైనట్లు ఒక పంక్తి కనబడుతుంది. అరగంటలో ముగిసే పని.

కాని అసలు కథ ఆ అరగంట తర్వాతనే మొదలవుతుంది. మూటతో పాటు వచ్చే అమరికల పత్రంలో, చిట్టాను ఎక్కడ దాచవలెనన్న పంక్తి ఒకటి ఉన్నది. దానిని ఎవరూ ముట్టుకొనకపోతే చిట్టా లినక్సులోని టెంప్ అనే సంచయంలోనికి పోతుంది. టెంప్ అనగా తాత్కాలికం; అది చిత్తుకాగితాల బుట్ట. అనేక యంత్రాలలో కంప్యూటరును ఆపి మరల నడిపించినప్పుడు ఆ బుట్ట ఖాళీ అవుతుంది. నేర్చుకొనేవాని సౌకర్యం కొరకు పెట్టిన యీ ఏర్పాటును అట్లే ఉంచి, నిజమైన పద్దులు వ్రాయించుకొన్నవాడు, కరెంటు పోయి వచ్చిన మరునాడు తెల్లమొగం వేయవలసి వస్తుంది. చెరపని చిట్టాను చెత్తబుట్టలో దాచిన చందం. ఆ ఒక్క పంక్తిని మార్చి, వేరుగా ఒక డిస్కునో, స్థిరమైన సంచయాన్నో చూపుట నెలకొల్పువాని మొదటి ధర్మం.

మరొక పంక్తి యింతకంటె తమాషా అయినది. కాఫ్కాను వెదకుకొంటూ వచ్చిన కంప్యూటరుకు అది మొదట తన విలాసం చెబుతుంది. ఆపై మాటామంతీ అంతా ఆ విలాసానికే. అమరికల పత్రంలో ఆ విలాసం లోకల్‌హోస్ట్ అని వ్రాసి ఉంటుంది. ఆ మాటకు 'ఈ యంత్రమే' అని అర్థం. ఒకే కంప్యూటరులో అంతా నడిచినంతసేపు ఏ చిక్కూ లేదు. పొరుగూరి నుంచి వచ్చిన చుట్టం మీ యిల్లెక్కడని అడిగితే 'మా యింట్లోనే' అని జవాబిచ్చినట్లు, దూరపు కంప్యూటరుకు కూడ కాఫ్కా ఆ మాటే చెబుతుంది. పాపం అది తన యింటికే పోయి తలుపు తట్టుకొంటుంది. తొలి పలకరింపు కుదిరినది, తర్వాత నిశ్శబ్దం. ఇదేమి మాయ అని గంటల తరబడి తల పట్టుకొన్నవారు కొల్లలు. సర్వరు నిజమైన పేరునో, సంఖ్యా విలాసాన్నో అక్కడ వ్రాస్తే మాయ తొలగుతుంది.

అట్లు తొలగగానే వేరొక భయం ప్రవేశిస్తుంది. మొదటి అమరికలో కాఫ్కాకు తలుపున్నది గాని తాళం లేదు. 9092వ ద్వారం ఎదుట నిలిచిన వారెవరైనా చదువవచ్చును, వ్రాయవచ్చును. రాకపోకలు సాదా అక్షరాలలో జరుగుతవి గనుక దారిలో పొంచినవాడు కూడ వినవచ్చును. ద్వారాన్ని బయటి లోకానికి మూసి ఉంచుట, రాకపోకలను గూఢలిపిలోనికి మార్చుట, ఎవరు ఏ చిట్టా చదువవచ్చునో ఏ చిట్టాలో వ్రాయవచ్చునో పేరు పేరునా నిర్ణయించుట అవసరం. పని జరుగుతున్నది గదా అని యీ మూడింటిని రేపటికి వాయిదా వేయు వారే ఎక్కువ. ఇది క్షమింపరాని అలసత్వం. చిట్టాలో పడేది యంత్రం సొంత రహస్యం కాదు, నమ్మి వివరాలిచ్చిన మనుష్యులది.

ఒక్క సర్వరు చాలునా అన్నది తర్వాతి ప్రశ్న. నేర్చుకొనుటకు చాలును. నమ్ముకొనుటకు చాలదు. వచ్చిన ప్రతి సందేశాన్ని కాఫ్కా వెంటనే బలవంతాన డిస్కులోనికి దించదు. ఆపరేటింగ్ సిస్టం దానిని జ్ఞాపకంలో ఉంచుకొని తన వీలునుబట్టి దించుతుంది. వేగం కొంత అందుచేతనే వచ్చినది. కాబట్టి ఆ క్షణంలో యంత్రం కూలితే కొన్ని పంక్తులు పోవచ్చును. దీనికి కాఫ్కా నమ్ముకొన్న విరుగుడు ప్రతులు. మూడు సర్వర్లు నిలిపి, ప్రతి చిట్టాకు మూడు నకళ్ళుంచుట వాడుక. ముగ్గురిలో ఒకడు నాయకుడు, ఇద్దరు అనుచరులు. నాయకుడు కూలితే సరితూగిన అనుచరుడు గద్దెనెక్కుతాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. సందేశం పంపేవాడు 'అందరికీ అందిన తర్వాతనే అందినదని చెప్పుము' అని కోరవచ్చును, 3.0 సంచిక నుంచి అడగకుండానే అదే నియమం. కాని 'అందరు' అనగా ఆ సమయానికి నాయకునితో సరిసమానంగా నడుస్తున్న వారందరు. ఇద్దరు అనుచరులు వెనుకబడిపోయి నాయకుడు ఒక్కడే మిగిలితే, ఆ ఒక్కడే అందరు! అతడు 'అందరికీ అందినది' అని చెప్పి మరుక్షణం కూలవచ్చును. అందువల్ల కనీసం ఇద్దరైనా సరితూగి ఉంటేనే వ్రాత అంగీకరించుమని వేరుగా ఆజ్ఞాపించవలెను. ఆ అమరికకు మొదట ఉన్న విలువ 1. దానిని 2 చేయుటలో ఒక నష్టం లేకపోలేదు: ఇద్దరు కూలిన రోజున వ్రాత నిలిచిపోతుంది. పద్దు వ్రాయనని మొండికేసే గుమాస్తా మేలా, వ్రాసినానని చెప్పి పోగొట్టే గుమాస్తా మేలా? బ్యాంకువారి జవాబు ఒకటి, క్రికెట్ స్కోరు చూపేవారి జవాబు వేరొకటి కావచ్చును.

చిట్టా పెద్దదైనప్పుడు దానిని భాగాలు చేసి పలు సర్వర్లకు పంచుతారు. ఒక్కొక్క భాగంలో వరుస చెక్కుచెదరదు. కాని రెండు భాగాల మధ్య ఏది ముందు, ఏది వెనుక అన్న హామీ లేదు. ఒకని ఖాతాలో వేయి రూపాయలు జమ, వెంటనే ఎనిమిది వందలు ఖర్చు అనుకొందము. ఈ రెండు పద్దులు వేరు వేరు భాగాలలో పడితే, చదివేవానికి ఖర్చు ముందు కనబడి, సొమ్ము లేదని చెల్లింపు నిరాకరింపబడవచ్చును. ఖాతా సంఖ్యను తాళపుచెవిగా వాడితే ఆ ఖాతా పద్దులన్నీ ఒకే భాగానికి చేరుతవి. భాగాలు ఎన్ని అన్నది మొదటే ఆలోచించుకొనవలెను. తర్వాత పెంచవచ్చును గాని తగ్గించుటకు వీలు లేదు. పెంచినప్పుడు కూడ ఒక ఖాతా ప్రాత పద్దులు ఒక భాగంలో, క్రొత్తవి మరొక భాగంలో పడి వరుస చెడే ప్రమాదం ఉన్నది.

ఇంతకూ ఆ చిట్టా శాశ్వతమా? కాదు. మొదటి అమరికలో దాని ఆయుర్దాయం 168 గంటలు, అనగా సరిగా ఒక వారం. గడువు తీరిన పద్దులను కాఫ్కా కట్టలు కట్టలుగా తీసి పారవేస్తుంది. అందువల్ల కొన్ని పంక్తులు గడువు దాటి కూడ కొంతకాలం మిగులుతవి. వారం పాటు తన పని నిలిచిపోయిన చదువరి, తిరిగి వచ్చేసరికి తాను చదువని పుటలే లేకుండా పోయి ఉండవచ్చును. గడువును పెంచవచ్చును, పూర్తిగా తీసివేయనూ వచ్చును, డిస్కు సమ్మతించినంతవరకు. మరొక పద్ధతిలో ప్రతి తాళపుచెవికి చిట్టచివరి పద్దును మాత్రం నిలిపి, వెనుకటివానిని తొలగిస్తారు. ఇక ఆ పేరే వద్దనుకొంటే విలువ లేని ఖాళీ పద్దు ఒకటి వ్రాయవలెను. దానికి యింజనీర్లు పెట్టుకొన్న పేరు సమాధిరాయి. చెరపుటకు కూడ వ్రాయవలసి వచ్చుట చిట్టా ధర్మం.

ఈ ఆయుర్దాయం సంగతి డిస్కు ఖరీదుతో తీరేది కాదు. 2018 మే 25 నుంచి ఐరోపాలో అమలులోనికి వచ్చిన శాసనం, తన వివరాలను తుడిచివేయుమని కోరే హక్కును వ్యక్తికి యిచ్చినది. భారత పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడ అట్టి హక్కును గుర్తించినది. ఎన్నడూ గీకరాదన్నది చిట్టా మర్యాద; నా పంక్తి గీకివేయుమన్నది మనిషి కోరిక. మధ్యేమార్గంగా కొందరు ఒక్కొక్క మనిషి వివరాలను ఒక్కొక్క గూఢలిపితో వ్రాసి, దాని తాళపుచెవిని వేరే చోట దాచుతారు. తుడిచివేయవలసి వచ్చినప్పుడు తాళపుచెవిని నాశనం చేస్తారు. చిట్టాలో పంక్తి ఉంటుంది, చదువగలవాడు ఉండడు. మాక్స్ బ్రాడ్ వంటి మిత్రుడు కూడ యిక ఏమీ చేయలేడు. అతడు చేసినది సాహిత్యానికి మేలా, మిత్రునికి ద్రోహమా అన్న వాదం నేటికీ తెగలేదు. సర్వరు నెలకొల్పే యువకుడు గడువు పంక్తిలో ఒక సంఖ్య వేసేటప్పుడు, తెలిసో తెలియకో, ఆ వాదంలో ఒక పక్షం వహించినట్లే. ఎవరి వివరాలు అందులో పడుతున్నవో వారిని ఒక్కసారి తలచుకొని ఆ సంఖ్య వేస్తే ఎంత బాగుండును!

ఇంత హంగు అందరికీ కావలెనా అంటే, అక్కరలేదనే చెప్పవలెను. 2019లో లింక్డిన్ తన కాఫ్కా సమూహాలలో రోజుకు 7 లక్షల కోట్లకు పైగా సందేశాలు నడుస్తున్నవని ప్రకటించినది. అందుకు 4,000కు పైగా సర్వర్లు పనిచేసేవి. ఒక పాఠశాల హాజరుపట్టీకి, ఒక గ్రంథాలయపు ఎరువు పుస్తకానికి సామాన్యమైన డేటాబేసు ఒకటి చాలును. పిచ్చుకపై బ్రహ్మాస్త్రం వేసి, ఆ అస్త్రాన్ని కాచుటకే యిద్దరు మనుష్యులను పెట్టుకొనుట వివేకం కాదు. అయినను విద్యార్థి తన సొంత కంప్యూటరులో దీనిని ఒకసారి నెలకొల్పి చూచుట మంచి చదువే. ఖర్చు లేదు, తప్పు చేస్తే పోయేది తాను వ్రాసుకొన్న నాలుగు పంక్తులు.

పరీక్షించే విధానం కూడ సులభం. ఒక క్రొత్త చిట్టా తెరిచి, పంపే ఆజ్ఞతో నాలుగు పంక్తులు తెలుగులోనే వ్రాయవచ్చును. కాఫ్కాకు లిపి భేదం లేదు, దానికి అన్నీ అంకెల మూటలే. తర్వాత వేరొక కిటికీలో చదివే ఆజ్ఞ యిస్తే తెర ఖాళీగా ఉంటుంది. కంగారుపడనక్కరలేదు. క్రొత్త చదువరికి అది యిక మీదట వచ్చేవే చూపుతుంది; మొదటినుంచి అని ప్రత్యేకంగా కోరితే ఆ నాలుగు పంక్తులూ వస్తవి. ఇప్పుడు సర్వరును ఆపివేసి, కంప్యూటరును కూడ ఆర్పి, మరల వెలిగించి, మరల మొదటినుంచి అని అడుగవలెను. నాలుగూ వరుస తప్పకుండా వస్తే చిట్టా చిత్తుకాగితాల బుట్టలో లేదని తెలిసినట్లే. వరుససంఖ్యలు కూడ చూపుమని కోరినవారికి మొదటి పంక్తి ఎదుట 1 కనబడదు, సున్న కనబడుతుంది. యంత్రం లెక్క అక్కడనుంచే మొదలు.